అధ్యక్షుడి మీద పుస్తకం: ఐదు స్టార్లవాళ్లు, ఒక్క స్టారువాళ్లు నిజానికి దేని గురించి మాట్లాడుతున్నారు?

మీరు అడిగింది ఇది. ట్రంప్ శ్వేతసౌధం గురించి మైఖేల్ వుల్ఫ్ రాసిన 'ఫైర్ అండ్ ఫ్యూరీ' చదువుదామని ఆన్‌లైన్‌లో పాఠకుల అభిప్రాయాలు చూశారు. కొందరు ఐదు స్టార్లిచ్చి ఆకాశానికెత్తారు, కొందరు ఒక్క స్టారుతో సరిపెట్టి కాగితాల దండగ అన్నారు. మధ్యలో ఉన్నవాళ్లు కనబడలేదు. డాలస్‌లో ఉన్న మీ బావగారు అదంతా కట్టుకథ అంటున్నారు. అట్లాంటాలో ఉన్న మీ స్నేహితురాలు మాత్రం అక్షరం అక్షరం నిజం, అబద్ధమైతే ట్రంప్ కేసు వేసేవాడు కదా అంటున్నారు. ఎవరి మాట వినాలి, అసలు ఆ పుస్తకం చదవాలా వద్దా అన్నది మీ సందేహం.

నేను అమెరికాలో ఒక ప్రజా గ్రంథాలయంలో కొత్త పుస్తకాలు ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పదవిలో ఉన్న అధ్యక్షుణ్ణి విమర్శించే పుస్తకం వచ్చిన ప్రతిసారీ 'ఎందుకు తెప్పించారు' అని ఒకరు, 'ఇంకా ఎందుకు తెప్పించలేదు' అని మరొకరు ఒకే రోజు నా బల్ల దగ్గరికి వస్తారు. అందుకని ముందు సూటిగా జవాబు చెబుతాను. చదవండి. రేటింగు సగటును మాత్రం పట్టించుకోకండి. అది పుస్తకం గురించి చెప్పేది తక్కువ, ఓటు వేసినవాళ్ల గురించి చెప్పేది ఎక్కువ.

ఆ రెండు వర్గాలూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఇస్తున్నాయని మీరు అనుకుంటున్నారు. నేను చూసినంతలో వాళ్లు వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తుంటారు. ఇందులో రాసింది నిజమా అన్నది ఒక ప్రశ్న. రాసినవాడికి ఆ అర్హత ఉందా అన్నది ఇంకొకటి. ఇప్పుడే ఎందుకు రాశాడన్నది మూడోది. వీటన్నిటినీ తోసేసి ముందుకొచ్చేది 'ఈ అధ్యక్షుడు మీకు ఇష్టమా, కాదా' అన్న ప్రశ్న. పుస్తకం పేజీ తిప్పకుండా జవాబు చెప్పగలిగేది ఈ చివరిదానికే. అందుకే దానికి వచ్చినన్ని జవాబులు మిగతావాటికి రావు.

2018 జనవరి మొదటి వారంలో ఏం జరిగిందో చూడండి. 3వ తేదీన బ్రిటన్ పత్రిక 'గార్డియన్' పుస్తకాన్ని ముందుగా సంపాదించి అందులోని ఒక సంచలనాన్ని బయటపెట్టింది. 2016 జూన్‌లో ట్రంప్ పెద్దకొడుకు ట్రంప్ టవర్‌లో రష్యన్లను కలవడం దేశద్రోహంతో సమానమని, ట్రంప్ దగ్గర ముఖ్య వ్యూహకర్తగా పనిచేసిన స్టీవ్ బానన్ అన్నాడని వార్త. అదే రోజు 'న్యూయార్క్' పత్రిక పుస్తకంలో ఒక పెద్ద భాగాన్ని ప్రచురించింది. మర్నాడు ట్రంప్ న్యాయవాది పుస్తకాన్ని ఆపాలంటూ రచయితకూ ప్రచురణకర్తకూ నోటీసు పంపారు. హెన్రీ హోల్ట్ సంస్థ ఆపకపోగా, 9న రావలసిన పుస్తకాన్ని 5వ తేదీనే వదిలింది. వాషింగ్టన్‌లో అర్ధరాత్రి పుస్తకాల దుకాణం ముందు జనం బారులు తీరారు. మొదట అచ్చువేసిన లక్షా యాభై వేల ప్రతులు ఏ మూలకూ చాలలేదు. కొద్ది రోజుల్లోనే ఆర్డర్లు పది లక్షలు దాటాయి. నోటీసు పంపకపోతే అంత అమ్ముడయ్యేదా అని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు.

అచ్చుప్రతి దొరకక మా దగ్గర పేరు రాయించుకున్నవాళ్ల జాబితా పేజీలకు పేజీలు సాగింది. ఇంటర్నెట్‌లో మాత్రం అభిప్రాయాలకు లోటు లేదు. అప్పటికి ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకున్నవాళ్ల కంటే దాని మీద తీర్పు చెప్పినవాళ్లే ఎక్కువేమో అనిపించింది. వుల్ఫ్ పుస్తకం దొరకని ఆ రోజుల్లోనే టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాండల్ హాన్సెన్ పుస్తకం ఒకటి ఉన్నట్టుండి అమ్ముడుపోవడం మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రపక్షాలు జర్మనీ మీద కురిపించిన బాంబుల చరిత్ర అది. 2008లో వచ్చింది. పేరు ఇదే 'ఫైర్ అండ్ ఫ్యూరీ'. శ్వేతసౌధం గుట్టు కోసం కొని, తెరిచి చూస్తే హాంబర్గ్ మంటలు కనిపించినవాళ్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి.

రేటింగుల సంగతికి వస్తే, అమెజాన్‌లో కొన్నవాళ్ల అభిప్రాయం పక్కన 'కొనుగోలు నిర్ధారితం' అన్న గుర్తు ఉంటుంది. కొనకపోయినా రాయవచ్చు కానీ ఆ గుర్తు రాదు. గుడ్‌రీడ్స్ అనే పాఠకుల సైట్‌లో అయితే కొనడం, చదవడం అన్న షరతే లేదు. 2017 సెప్టెంబరులో హిల్లరీ క్లింటన్ తన ఓటమి గురించి రాసిన పుస్తకం వచ్చినప్పుడు ఒక్క రోజు తిరగకుండానే పదిహేను వందలకు పైగా అభిప్రాయాలు కుప్పపడ్డాయి. వాటిలో సుమారు 900 అభిప్రాయాలను అమెజాన్ తొలగించింది. ఆమె అధ్యక్షురాలు కాదు, నిజమే. కానీ దాడి చేసే పద్ధతి అక్కడ బాగా బయటపడింది. అయిదు వందల పేజీల పుస్తకాన్ని తెల్లారేలోగా అంతమంది చదివేశారంటే నమ్మేదెవరు?

ఇక అసలు విషయం, ఈ పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలన్నది. ఐదు స్టార్లిచ్చినవాళ్లు, ఒక్క స్టారు ఇచ్చినవాళ్లు కూడా చాలామంది వదిలేసే పేజీ ఒకటుంది. అది రచయిత ముందుమాట. వుల్ఫ్ అక్కడ దాచకుండానే చెప్పాడు: తనకు చెప్పిన మాటల్లో చాలావరకు ఒకదానికొకటి పొసగవు, వాటిలో కొన్ని పచ్చి అబద్ధాలు, కొన్నిచోట్ల ఎవరు చెప్పింది వాళ్ల మాటగానే వదిలేశాను, ఇంకొన్నిచోట్ల తనకు నిజమనిపించిన కథనాన్ని ఎంచుకుని రాశాను అని. ఇంతవరకు మెచ్చుకోవలసిందే. చిక్కు తర్వాత వస్తుంది. ఏది మొదటి రకం, ఏది రెండో రకం అన్నది పేజీల్లో ఎక్కడా తెలియదు. అన్నీ ఒకే గొంతుతో, అన్నీ తను పక్కన నిలబడి విన్నట్టే సాగిపోతాయి. తెలుగు పత్రికల్లో 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని రాస్తే మనం కొంచెం జాగ్రత్తగా చదువుతాం కదా, ఆ పాటి హెచ్చరిక కూడా ఇక్కడ ఉండదు.

మనవాళ్ల మధ్య బాగా తిరిగిన ఒక పేరా తీసుకుని చూపిస్తాను. హెచ్1బి వీసాల గురించినది. 2016 డిసెంబరులో సిలికాన్ వ్యాలీ కంపెనీల అధిపతులు ట్రంప్ టవర్‌కు వచ్చి అధ్యక్షుడిగా ఎన్నికైన ట్రంప్‌ను కలిశారు. ఆ తర్వాత ట్రంప్ మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్‌తో ఫోనులో మాట్లాడాడని వుల్ఫ్ రాశాడు. వీళ్లకు నా సాయం కావాలి, హెచ్1బి వీసాలు వీళ్లకు చాలా అవసరం అన్న ధోరణిలో ట్రంప్ మాట్లాడాడట. వలసల మీద నువ్వు చేసిన వాగ్దానాలకు ఇది ఎలా పొసగుతుందని మర్డోక్ అడిగితే, ఏదో ఒకటి చూద్దాంలే అన్నాడట. ఫోను పెట్టేశాక మర్డోక్ ట్రంప్‌ను బూతు కలిపి మూర్ఖుడన్నాడట.

ఆ పేరా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన తీరు తమాషాగా ఉంది. చూశారా, లోపల మన వీసాలకు అనుకూలమేనని ఒకరు పంపితే, సొంత స్నేహితుడే మూర్ఖుడన్నాడని ఇంకొకరు అదే పేరా పంపారు. ఇద్దరికీ అది నిజమే కావాలి, వాడుకున్నది మాత్రం చెరో దానికి. ఇప్పుడు దాన్ని పొర పొరగా విడదీద్దాం. కంపెనీల అధిపతులతో సమావేశం కెమెరాల ముందు జరిగింది, దాంట్లో సందేహం లేదు. ఫోను సంభాషణలో ఉన్నది ఇద్దరే, కాబట్టి ఆ మాటలు వారిద్దరిలో ఒకరి నుంచో, వాళ్లు ఎవరికైనా చెబితే ఆ మూడోమనిషి నుంచో రావాలి. ఫోను పెట్టేశాక మర్డోక్ తన గదిలో అన్న మాట అంతకంటే దూరం. ఎవరు విన్నారు? వుల్ఫ్ అంతకు చాలా ముందే, 2008లో, మర్డోక్ జీవితకథ రాశాడు. అతని చుట్టూ ఉన్నవాళ్లతో పరిచయాలుండవచ్చు. ఉండవచ్చు అన్నంతవరకే మనం అనగలం. ఒకే పేరాలో ఒక మాట రుజువైనది, ఒకటి సాధ్యమైనది, ఒకటి గాలిలో ఉన్నది. దానికి ఒకే రేటింగు ఎలా ఇస్తారు? పైగా పుస్తకం వచ్చేనాటికే, 2017 ఏప్రిల్‌లో, ట్రంప్ అమెరికా సరుకే కొనాలి, అమెరికన్లకే ఉద్యోగాలివ్వాలి అన్న ఉత్తర్వు మీద సంతకం చేసి ఉన్నాడు. ఫోనులో ఏమన్నాడన్న దానికంటే మన కుటుంబాలకు పట్టింపు కావలసింది ఆ కాగితం. దాన్ని ఎవరూ ఫార్వర్డు చేసినట్టు నాకు గుర్తులేదు.

ఇలాగే ఒక్కో కథనాన్ని విడిగా చూస్తే పుస్తకం మీద తీర్పు మారుతూ పోతుంది. గట్టిగా నిలబడినవి ఉన్నాయి. బానన్ మాటలనే తీసుకోండి. గగ్గోలు లేచాక అతను విచారం ప్రకటించాడు, తన గురి ట్రంప్ కొడుకు మీద కాదు, ప్రచారం నడిపిన పాల్ మానఫోర్ట్ మీదని సర్దిచెప్పాడు. అలా అనలేదని మాత్రం అనలేదు. జనవరి 9న బ్రైట్‌బార్ట్ వార్తా సంస్థలో తన పదవి కూడా వదులుకున్నాడు. పుస్తకం మొదట్లో బానన్, ఫాక్స్ న్యూస్ మాజీ అధిపతి రోజర్ ఐల్స్ కలిసిన విందు ఒకటి ఉంది. అంత వివరంగా ఎలా రాశాడని అందరూ అనుమానించారు. తీరా చూస్తే విందు జరిగింది వుల్ఫ్ ఇంట్లోనే. అతిథుల్లో ఒకరైన పత్రికా సంపాదకురాలు జానిస్ మిన్ ఆ సంభాషణ సరిగ్గానే ఉందని బహిరంగంగా చెప్పారు. ఆ సంగతి పుస్తకంలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

నిలబడనివీ ఉన్నాయి. అప్పటి వాణిజ్య మంత్రి విల్బర్ రాస్‌ను ఒకచోట కార్మిక శాఖకు మార్చేశాడు. ఒక హోటల్లో ఫలహారం చేస్తున్న ప్రముఖుల మధ్య వాషింగ్టన్ పోస్ట్ విలేకరి ఒకరున్నారని రాస్తే, నేను ఆ హోటల్లో అడుగే పెట్టలేదని ఆ విలేకరి చెప్పారు. అదే ఇంటిపేరున్న వేరే మనిషి అక్కడ ఉన్నది. ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ జాన్ బోనర్ పేరు వినగానే ట్రంప్ అతనెవరని అడిగాడన్న ముక్క జోకుగా పేలింది కానీ, బోనర్ మీద ట్రంప్ అంతకుముందే ట్వీట్లు చేసి ఉన్నాడు. మరిచాడా, ఎగతాళిగా అన్నాడా, అసలు అననే లేదా అన్నది చెప్పలేం.

మీ బావగారు ఈ రెండో రకం తప్పులే పట్టుకుని ఉంటారు, మీ స్నేహితురాలు మొదటి రకానివి. ఇద్దరూ తమ తమ పేజీల వరకు సరిగ్గానే ఉన్నారు.

మీ స్నేహితురాలి కేసు వాదన మాత్రం నిలవదు. 1964లో న్యూయార్క్ టైమ్స్, సలివన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. పదవిలో ఉన్నవాడు పరువునష్టం దావా గెలవాలంటే రాసింది అబద్ధమని చూపిస్తే చాలదు. అబద్ధమని తెలిసే రాశాడనో, నిజానిజాలు పట్టించుకోకుండా తెగించి రాశాడనో నిరూపించాలి. పైగా దావా వేస్తే అవతలి పక్షం అధ్యక్షుణ్ణే ప్రమాణం చేయించి ప్రశ్నలడగవచ్చు, కాగితాలు బయటపెట్టమనవచ్చు. ఏ న్యాయవాదీ తన కక్షిదారుణ్ణి ఆ బోనులోకి పంపాలనుకోడు. కాబట్టి కేసు లేకపోవడం నిజానికి రుజువూ కాదు, నోటీసు రావడం అబద్ధానికి రుజువూ కాదు.

ఈ చీలిక ట్రంప్‌తో పుట్టింది కాదు. 2012 మేలో ఎడ్వర్డ్ క్లైన్ అనే రచయిత పదవిలో ఉన్న ఒబామా మీద 'ది అమెచ్యూర్' రాశాడు. సంప్రదాయవాద పుస్తకాలకు పేరున్న రెగ్నరీ సంస్థ వేసింది. న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. అక్కడా పేరు చెప్పని మనుషులే, మూసిన తలుపుల వెనక మాటలే, అవీ ఉన్నవి ఉన్నట్టుగా కొటేషన్లలో. అప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లలో కొందరు 2018లో వచ్చి పేరు చెప్పని వర్గాలను ఎలా నమ్ముతామని నాతో వాదించారు. అప్పుడు దాన్ని చెత్త అన్నవాళ్లు వుల్ఫ్ పుస్తకం కోసం వరుసలో నిలబడ్డారు. ప్రమాణం మారలేదు, కుర్చీలో మనిషి మారాడు. ఇంకా వెనక్కి వెళితే 1964 ఎన్నికల ఏడాదిలో జె. ఎవెట్స్ హేలీ అనే టెక్సస్ చరిత్రకారుడు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మీద ఒక పుస్తకం సొంతంగా అచ్చువేసుకున్నాడు. జాన్సన్ ప్రత్యర్థి గోల్డ్‌వాటర్ అభిమానులు పెట్టెల కొద్దీ కొని పంచారు. లక్షల్లో పోయింది. జాన్సన్ భారీ ఆధిక్యంతో గెలిచాడు.

పెట్టెల కొద్దీ కొనడం అన్నాను కాబట్టి చెబుతున్నాను, ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. న్యూయార్క్ టైమ్స్ జాబితాలో కొన్ని పుస్తకాల పక్కన చిన్న కత్తి గుర్తు కనిపిస్తుంది. గుత్తగా కొనుగోళ్లు జరిగినట్టు సమాచారం ఉందని దాని అర్థం. 2019లో ట్రంప్ కొడుకు పుస్తకానికి ఆ గుర్తు పడింది. బెస్ట్‌సెల్లర్ అన్న మాట చూసినప్పుడు ఆ గుర్తు కోసం కూడా వెతకండి.

ఒక వైపు పాఠకులు రెండో వైపు పుస్తకం ముట్టుకోరన్నది నా అనుభవం మాత్రమే కాదు. 2004 ఎన్నికల రోజుల్లో వాల్డిస్ క్రెబ్స్ అనే పరిశోధకుడు అమెజాన్‌లో 'ఇది కొన్నవాళ్లు అది కూడా కొన్నారు' అన్న సమాచారాన్ని పట్టుకుని 105 రాజకీయ పుస్తకాలతో ఒక పటం గీశాడు. ఎడమపక్షం పుస్తకాలన్నీ ఒక గుంపుగా, కుడిపక్షంవన్నీ ఇంకో గుంపుగా చేరాయి. మధ్యలో రెండిటినీ కలిపే పుస్తకాలు కొద్దిగానే మిగిలాయి. నెట్‌వర్కుల శాస్త్రం చదివే విద్యార్థులకు దాన్ని ఇప్పటికీ ఉదాహరణగా ఇస్తారు.

నిజం తేలిపోతే ఈ గొడవ ఆగుతుందా? ఆగదు. దానికి మంచి ఉదాహరణ విలేకరి బాబ్ వుడ్‌వర్డ్ 2020 సెప్టెంబరులో తెచ్చిన 'రేజ్'. ఇక్కడ ట్రంప్ మాటల వరకు పేరు చెప్పని వర్గాల గొడవే లేదు, ట్రంప్ స్వయంగా 18 సార్లు మాట్లాడాడు, అవి రికార్డయ్యాయి. కరోనా గాలి ద్వారా వ్యాపిస్తుందని, ప్రాణాంతకమని ఫిబ్రవరి 7న వుడ్‌వర్డ్‌తో అన్న మాటా, కావాలనే తీవ్రత తగ్గించి చెబుతున్నానని మార్చిలో అన్న మాటా అతని గొంతులోనే దేశం వింది. అన్నాడా లేదా అన్న వాదన ఆ రోజుతో ముగిసింది. అయినా పాఠకులు మళ్లీ రెండుగా చీలారు. జనం భయపడకూడదని అలా చెప్పాడని ఒకరు, తెలిసి దాచాడని ఒకరు. ఈసారి ఇంకో చీలిక కూడా వచ్చింది. ట్రంప్ అంటే గిట్టనివాళ్లే వుడ్‌వర్డ్ మీద విరుచుకుపడ్డారు. ఫిబ్రవరిలో విన్న మాటను జనం చనిపోతుంటే సెప్టెంబరు దాకా అట్టల మధ్య ఎందుకు దాచుకున్నావని అడిగారు. ఆ మాట నిజమో కాదో నిర్ధారించుకోవడానికి సమయం పట్టిందని అతని జవాబు. నాకు ఆ జవాబు పూర్తిగా రుచించలేదు. కానీ ఆ వాదన చదవదగ్గది. తమ వైపు రచయితనే నిలదీసిన పాఠకుల నుంచి వచ్చింది కాబట్టి.

పాఠకుల అభిప్రాయాల్లో నేను వెతికేది సరిగ్గా అలాంటివే. అధ్యక్షుణ్ణి వ్యతిరేకిస్తూనే పుస్తకం బాగాలేదన్నవాడి మాటకు, అధ్యక్షుణ్ణి సమర్థిస్తూనే ఫలానా అధ్యాయం కాదనలేమన్నవాడి మాటకు విలువ ఎక్కువ. వాళ్లకు అలా అనడం వల్ల ఒరిగేదేమీ లేదు, సొంత గుంపులో మాట పడటం తప్ప. మూడు స్టార్ల దగ్గర, కొన్నిసార్లు రెండు స్టార్ల దగ్గర వాళ్లు దొరుకుతారు. పేజీ చెప్పి, సంఘటన చెప్పి మాట్లాడినవాణ్ణి పట్టించుకోండి. 'అబద్ధాల పుట్ట', 'ప్రతి అమెరికన్ చదివి తీరాలి' అన్న రెండు రకాలూ ఎడాపెడా దాటేయండి.

జాన్ బోల్టన్ పుస్తకం ఈ పద్ధతికి పరీక్ష లాంటిది. ట్రంప్ దగ్గర జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసి బయటికి వచ్చి, 2020 జూన్‌లో 'ది రూమ్ వేర్ ఇట్ హ్యాపెన్డ్' అచ్చువేశాడు. ఒసాకాలో చైనా అధినేత షీ జిన్‌పింగ్‌ను ట్రంప్ తన ఎన్నికల గెలుపు కోసం సోయాబీన్, గోధుమలు ఎక్కువగా కొనమని అడిగాడన్నది అందులో పెద్ద ఆరోపణ. ట్రంప్ అభిమానులు వెన్నుపోటుదారన్నారు. ట్రంప్ వ్యతిరేకులు, ఇదంతా అభిశంసన విచారణలో ప్రమాణం చేసి చెప్పవలసింది, చెప్పకుండా పుస్తకంగా అమ్ముకున్నావన్నారు. రెండు వైపులా ఒక్క స్టారు పడిన పుస్తకం ఇది. ఆ ఒక్క స్టార్లను కలిపి సగటు కడితే ఏం తెలుస్తుంది? ఒకరు రాసినందుకు కొట్టారు, ఇంకొకరు ఆలస్యంగా రాసినందుకు కొట్టారు. అందులో ఉన్నది తప్పని చెప్పినవాళ్లు ఇద్దరిలోనూ తక్కువే.

ప్రభుత్వ స్పందన ఇంకా విచిత్రం. ట్రంప్ ఆ పుస్తకం అబద్ధాలన్నాడు, దాని నిండా రహస్య సమాచారం ఉందని కూడా అన్నాడు. న్యాయశాఖ కోర్టుకెక్కింది. కల్పించిన మాట దేశ రహస్యం ఎలా అవుతుందని అడిగినవాళ్లకు జవాబు దొరకలేదు. జడ్జి రాయిస్ లాంబర్త్ బోల్టన్‌ను గట్టిగా మందలించాడు, దేశ భద్రతతో జూదమాడావన్నాడు. కానీ లక్షల ప్రతులు అప్పటికే దుకాణాలకు చేరిపోయాయి, ఇప్పుడు ఆపి లాభం లేదని పుస్తకాన్ని వదిలేశాడు. మొదటి వారంలో ఏడు లక్షల ఎనభై వేలు అమ్ముడైంది. చదివి మధ్యలో ఆపినవాళ్లు మాత్రం చాలామంది. ప్రతి సమావేశమూ, ప్రతి విమాన ప్రయాణమూ డైరీలా సాగుతుంది. మాకు తిరిగొచ్చిన ప్రతుల్లో ఎవరో పెన్సిలుతో గీసిన గీతలు మొదటి అధ్యాయాల్లో దట్టంగా ఉండి, రాను రాను పలచబడి, ఉక్రెయిన్ అధ్యాయంలో మళ్లీ గట్టిగా కనిపించేవి. మధ్య పేజీలు కొత్తగా పెళపెళలాడుతూ ఉండేవి. ఆ గీతలు రబ్బరుతో తుడిచే పని నాదే. పాఠకులు ఎక్కడ నిజంగా చదివారో నాకు ఏ రేటింగు కంటే అవే బాగా చెప్పాయి. ఎవరు గీశారో మాత్రం అడగకండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో బయటపెట్టకపోవడం మా వృత్తి నియమం.

మేరీ ట్రంప్ పుస్తకం గురించి కూడా మీకు ఎవరో చెప్పి ఉంటారు. ట్రంప్ అన్న కూతురు, మనస్తత్వ నిపుణురాలు. తాతగారి ఆస్తి దగ్గర పాత దావా ఉంది కాబట్టి పగతో రాసిందని ఒక్క స్టారువాళ్లు అన్నారు. పగ ఉండవచ్చు. కానీ ట్రంప్ కుటుంబ పన్నుల మీద న్యూయార్క్ టైమ్స్ 2018లో చేసిన పరిశోధనకు కాగితాలిచ్చింది తనేనని అందులో చెప్పింది. ఆ భాగం పగతో నిమిత్తం లేకుండా నిలుస్తుంది. బాబాయి కాలేజీ ప్రవేశపరీక్ష వేరేవాడితో రాయించాడన్నది మాత్రం విన్న మాటే. ఆమె పేరు చెప్పిన మనిషి భార్య దాన్ని ఖండించింది.

ఇప్పుడు మీ సంగతి. 'ఫైర్ అండ్ ఫ్యూరీ' ముందు చదవకండి. 2018 సెప్టెంబరులో వచ్చిన వుడ్‌వర్డ్ 'ఫియర్' మొదలుపెట్టండి. అందులోనూ పేరు చెప్పని వర్గాలే ఎక్కువ, అప్పటి శ్వేతసౌధ సిబ్బంది అధిపతి కెల్లీ, రక్షణమంత్రి మాటిస్ లాంటివాళ్లు ఖండించారు కూడా. కానీ అది మొదలయ్యేది ఒక కాగితంతో. దక్షిణ కొరియాతో వాణిజ్య ఒప్పందం రద్దు చేసే లేఖ ముసాయిదా, 2017 సెప్టెంబరు 5 తేదీతో ఉన్నది. ఆర్థిక సలహాదారు గ్యారీ కోన్ దాన్ని అధ్యక్షుడి బల్ల మీది నుంచి తీసేశాడని వుడ్‌వర్డ్ రాశాడు, లేఖ నకలు అచ్చువేశాడు. తీసేయడం దేశసేవా, ఎన్నికైన అధ్యక్షుడికి ద్రోహమా అన్నది మీరూ మీ బావగారూ వాదించుకోవచ్చు. లేఖ ఉందా లేదా అన్న దగ్గర ఆగిపోనక్కర్లేదు. దాని తర్వాత వుల్ఫ్‌ను తీయండి, ముందుమాటతో సహా. చదివేటప్పుడు ప్రతి సంఘటన దగ్గరా ఆ గదిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. అతను దీని తర్వాత 2019లో తెచ్చిన 'సీజ్' కోసం తొందరపడనక్కర్లేదు. గ్రంథాలయంలో ఎప్పుడైనా ఖాళీగా దొరుకుతుంది.